విశాఖ చరిత్రని కొండ మీంచి చదువుదాం

విశాఖ ఎలా పెరిగిందని అడిగితే అందరూ సముద్రం కథే చెబుతారు. 1933లో రేవు, తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ. నిజమే. కానీ రేవుకి ఓడలు ఊరికే రావు, సరుకు ఉంటేనే వస్తాయి. ఆ సరుకు ఎక్కడిది?

1960లలో జపాన్‌కి ఇనుప ఖనిజం పంపడానికి కేకే లైను వేశారు. బస్తర్‌లోని బైలదిల్లా కొండల్లో తవ్విన ఖనిజం అరకు మీదుగా, సొరంగాలు దాటుకుంటూ రేవుకి దిగుతుంది. అద్దాల బోగీలో టూరిస్టులు లోయ అందం చూస్తారు. మీరు మాత్రం ఎదురొచ్చే గూడ్సు బండిని చూడండి. మాచ్‌ఖండ్ కరెంటు కూడా మన కొండల్లో పుట్టిందే.

1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అంటూ జనం ప్రాణాలిచ్చారు. వాళ్లకి జోహార్లు. మరి ఆ ఉక్కులోని ఇనుము ఏ కొండదో ఎంతమంది చెప్పుకున్నారు?

2021లో ఆ ఫ్యాక్టరీని పూర్తిగా అమ్మేయాలని కేంద్రం నిర్ణయించింది. ప్రభుత్వ సంస్థ కాబట్టే అందులో ఎస్టీ రిజర్వేషన్ ఉంది. ప్రైవేటు చేతికి పోతే ఆ హక్కు పోతుంది. ఖనిజం కొండ దిగుతూనే ఉంటుంది, మన పిల్లల ఉద్యోగాల దారే మూసుకుపోతుంది.

అందుకే చరిత్రలో మన పేరు రాయమని బతిమాలొద్దు. లెక్క అడుగుదాం.