కంప కొట్టినోడిదేనా భూమి?

పట్టా మన వాడ పేరున ఉంది. చేలో మాత్రం సర్కారు తుమ్మ ఉంది. ఎద్దులేక, పెట్టుబడి లేక బీడు పెట్టినం. ఇప్పుడు దొర ట్రాక్టరు తోలుకొస్తడు: "కంప ఉత్తగనే కొట్టిస్త, మూడేండ్లు నేను చేసుకుంట." ఉత్తగనేనట! పాత పహాణీల్లో అనుభవదారు కాలమ్‌లో చాలాచోట్ల దొరల పేర్లు ఎక్కింది ఇట్లనే కాదా? అసైన్డు భూమిని అమ్మడమే కాదు, కౌలుకివ్వడం కూడా చెల్లదని 1977 నాటి 9వ చట్టం తెలంగాణలో నేటికీ చెబుతోంది.

మేం ట్రాక్టరు వద్దనడం లేదు. సంఘంలో తలా ఇంత వేసుకుని కిరాయికి తెద్దాం. బ్లేడుతో పైపైన నెట్టిస్తే తుమ్మ మొద్దు మళ్లీ చిగురిస్తది. వేర్లు గడ్డపారతో మనమే తియ్యాలె. (ముల్లు దిగి టైరు పంచరైతే ఆ ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోవాలె.) కట్టె, బొగ్గు అమ్మితే కిరాయి కొంతన్న వెళ్తది. ఆ పైసలు సంఘం లెక్కలో రాయించాలె.