ఈ చేపకు ఎండ పడదు!

రెండంగుళాల పొడవు. నిప్పుకణికలాంటి ఎరుపు. ఒంటిమీద నీలిరంగు పట్టీలు. పేరు కాటలీనా గోబీ. కాలిఫోర్నియాలో లాస్ ఏంజెలెస్‌కు ఎదురుగా ఉన్న దీవి పేరే దీనికీ వచ్చింది. అక్వేరియంలో ఒక్కసారి చూస్తే పిల్లలే కాదు, పెద్దలూ చూపు తిప్పుకోలేరు.

చిక్కల్లా దీన్ని అమ్మే తీరుతోనే. విదేశాల్లో చాలా దుకాణాలు దీన్ని పగడపు దిబ్బల చేపలతో కలిపి ఒకే తొట్టిలో ఉంచి అమ్ముతుంటాయి. ఆ చేపలకు 25, 26 డిగ్రీల నీళ్లు హాయి. గోబీకి అంతకంటే బాగా చల్లటి నీళ్లు కావాలి. వెచ్చని నీళ్లలో వేస్తే అది వెంటనే చావదు. అక్కడే మోసపోతాం. నాలుగు రోజులు చలాకీగా తిరుగుతుంది. కానీ నీళ్లు వేడెక్కేకొద్దీ చేపకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, నీళ్లలో కరిగేదేమో తగ్గిపోతుంది. ఖర్చు పెరిగి రాబడి తగ్గిన సంసారం ఎన్నాళ్లు సాగుతుంది? ఓ ఉదయం చేప తేలిపోతుంది. ఇంట్లోవాళ్లు ఏదో జబ్బు అనుకుంటారు.

మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ ఫ్లాట్లలో ఇలాంటి చేపను పెంచాలంటే? 'హాల్లో ఏసీ ఉందిగా' అనుకుంటే పొరపాటే. గది 24 డిగ్రీలున్నా మోటారు, లైట్ల వేడికి తొట్టిలో నీళ్లు అంతకన్నా వెచ్చగానే ఉంటాయి. అందరూ ఆఫీసులకు వెళ్లాక ఏసీ కట్టేస్తారు. బయట మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది.

కాబట్టి నీటిని చల్లబరిచే చిల్లర్ తప్పనిసరి. పేరుకే చిల్లర్... ఖర్చు మాత్రం చిల్లర కాదు! రాత్రీపగలూ నడవాలి. నీళ్లలోంచి లాగిన వేడిని గదిలోకే వదులుతుంది. వానాకాలంలో అద్దానికి చెమట పట్టి కింద చెక్క తడిసిపోతుంది. కరెంటు పోతే జనరేటర్ ఆదుకోవాలి. సంక్రాంతికి ఊరెళ్తే చూసుకునే మనిషి ఉండాలి. ఇక సముద్రం మనకు వందల కిలోమీటర్ల దూరం. లీటరుకు 35 గ్రాముల చొప్పున 200 లీటర్ల తొట్టికి ఏడు కిలోల అక్వేరియం ఉప్పు కలపాలి. నీళ్లు ఆవిరైనప్పుడు మాత్రం మంచినీళ్లే పోయాలి, ఉప్పు ఎటూ పోదు కాబట్టి.

ఇన్ని చేయగలిగినా, కొనేముందు ధరకన్నా ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఈ చేప ఏ సముద్రానిది? అక్కడ నీళ్లు ఎంత చల్లన? పట్టి తెచ్చిందా, పెంచిందా? జవాబు రాకపోతే చేపను అక్కడే వదిలేయండి.

మన వేడికి తట్టుకునే నేస్తం కావాలంటే క్లౌన్ చేప ఉంది. దీన్ని హేచరీల్లో పెంచే పద్ధతులను తమిళనాడులోని మండపం, కేరళలోని విళింజంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించారు. దానికీ ఎండాకాలంలో జాగ్రత్త అవసరమే. కానీ శ్రద్ధగా చూసుకుంటే పదేళ్లు దాటి బతికినవీ ఉన్నాయి.

మరి చల్లని సముద్రపు చేపల్ని చూడాలనుంటే? శాన్ హోసెలో అబ్బాయో అమ్మాయో ఉంటే, ఈసారి వెళ్లినప్పుడు మాంటెరే బే అక్వేరియం చూపించమనండి. 1984లో మొదలైన ఆ అక్వేరియం, ఎదురుగా ఉన్న అఖాతం నుంచే చల్లటి నీటిని తోడుకుంటుంది. అక్కడి చేపలకు చిల్లర్ బిల్లు సముద్రమే కడుతోంది!