పతకము పరిచయపత్రమే

క్రీడలయందు కీర్తి గడించినవారు చట్టసభలకు పోవుట తగునా యను ప్రశ్నకు, ప్రజలు మెచ్చిరి గనుక తగునని కొందఱును, బరిలో బలము చూపినవానికి బడ్జెట్టు సంగతి యేమి తెలియునని మఱికొందఱును వెంటనే తీర్పు చెప్పుచుందురు. ఈ రెండును తొందరపాటు మాటలే యనుటకు ఫిన్లాండు దేశపు మల్లుడు మార్కో అసెల్ జీవితము చాలిన నిదర్శనము.

సెల్‌ఫోనుల మూలమున మనకు చిరపరిచితమైన నోకియా యను పేరు నిజమునకు టాంపెరె నగరమునకు చేరువనున్న యొక పట్టణముది. అసెల్ ఆ యూరివాడు. ఆయన అభ్యసించిన గ్రీకో-రోమన్ కుస్తీలో ప్రత్యర్థిని నడుమునకు దిగువ పట్టరాదు, కాలితో మెలికవేయరాదు. భుజబలముతో ఎత్తి పడవేయవలసినదే. 1908లో వెర్నర్ వెక్మన్ లండన్ ఒలింపిక్సులో ఈ విద్యయందే స్వర్ణము గెలిచిన నాటనుండి ఫిన్లాండు ప్రజలు మల్లులను మిక్కిలి గౌరవించుచున్నారు. 1996లో అట్లాంటాయందు 74 కిలోల తరగతి తుదిపోటీలో క్యూబా మల్లునిచేత ఓడి, రజతముతో మరలివచ్చిన అసెల్‌కును ఆ గౌరవము దక్కెను. వృత్తిచే పోలీసైన ఆయన 2007లో సోషల్ డెమోక్రాటిక్ పార్టీ పక్షమున పార్లమెంటునకు ఎన్నికయ్యెను.

అచ్చటి ఎన్నికలలో ఓటరు తనకు నచ్చిన అభ్యర్థి సంఖ్యను బ్యాలెట్టుపై స్వహస్తముతో వ్రాయును. ఆ ఓటు అభ్యర్థికేగాక ఆతని పార్టీ జాబితాకును జమపడును గనుక, పేరుగలవానిని నిలుపుట పార్టీలకు లాభసాటి బేరము. 2003లో బాక్సరును వృత్తి కుస్తీయోధుడునైన టోనీ హాల్మె హెల్సింకిలో పదునాఱువేలకు పైగా ఓట్లతో గెలిచెను. కాని కోర్టు వ్యవహారముల నడుమను అనారోగ్యము నడుమను ఆయన సభ్యత్వము ఒక్క పర్యాయముతోనే ముగిసెను.

అసెల్‌కును ఓటమి తప్పలేదు. 2011లో ఆయన స్థానము పోయెను. పతకము మాత్రము 2007లో ఎట్టిదో 2011లోను అట్టిదే. అదియే గెలిపించునదైనచో ఓటమి యేల కలుగవలెను? ఎనిమిదేండ్లు సభకు వెలుపల నుండి 2019లో ఆయన మరల ఎన్నికయ్యెను. ఇరువదిమూడేండ్ల నాటి రజతమే ఆ గెలుపునకు కారణమనుట ఓటరు వివేకమును తక్కువచేయుటయే యగును.

కావున క్రీడాకారుడు రాజకీయములకు రారాదనుట అన్యాయము. వచ్చినంతనే గెలిపింపవలెననుట అవివేకము. పతకము మనిషిని పరిచయము చేయును. అర్హతను నిర్ణయించునది పనియే. మొదటి ఎన్నికలో పేరు చూచి ఓటు వేసినవారు, రెండవ ఎన్నికనాటికైనను పని చూచి వేయుట ప్రజాస్వామ్యమునకు శ్రేయస్కరము.