సిపాయి పేరు

2021 జూలై 8వ తేదీన రాజౌరీ జిల్లాలోని సుందర్‌బనీ ప్రాంతమున, సరిహద్దు దాటి వచ్చిన సాయుధులను వెదకుచు బయలుదేరిన దళమునకును వారికిని జరిగిన కాల్పులలో, బాపట్ల చెంతనున్న కొత్తపాలెము బిడ్డ మరుప్రోలు జశ్వంత్ కుమార్ రెడ్డి, మద్రాసు రెజిమెంటు 17వ బెటాలియను సిపాయి, ఇరువది మూడేండ్ల ప్రాయమున ప్రాణములు విడిచెను. ఆయనతోడనే కేరళీయుడైన నాయబ్ సుబేదార్ శ్రీజిత్ కూడ నేలకొరిగెను. మరుసటి సంవత్సరపు గణతంత్ర దినమున ఇరువురకును మరణానంతరము శౌర్యచక్రము ప్రకటింపబడినది. అది ప్రకటిత యుద్ధము కాదు గదా యనువారు కలరు. చేతి తుపాకితో కొలది గజముల దూరమున శత్రువు నెదుర్కొనవలసిన పదాతి సైనికునకు ప్రకటిత యుద్ధమునకును అప్రకటిత యుద్ధమునకును భేదమేమియు లేదు.

అట్టి యువకుని భౌతికకాయము ఊరు చేరిన దినమున జనము వేలాదిగా తరలివచ్చుట, మంత్రులు శిరస్సు వంచుట, దారి పొడవున ఫ్లెక్సీలు వెలయుట మనమెరిగినదే. అది ఉచితమే, అందులో కపటము లేదు. అయితే ఆ వారము గడచిన పిమ్మట, ఆ బిడ్డ ఏ పటాలమున చేరెను, ఏ కొండచరియపై ఏ పరిస్థితిలో ఏమి చేసి మరణించెను అని అడిగినచో చెప్పగలవారు సొంత మండలమునందే అరుదు. ఆయన సాహసమును వివరించు ప్రశంసాపత్రము కేంద్ర ప్రభుత్వపు రాజపత్రమున ఇంగ్లీషునను హిందీయందును ఉండును. తాము చదివిన బడిలోనే చదివి, తమ వీధులలోనే ఆడి పెరిగిన వాడు చేసినదానిని ఆ యూరి పిల్లలు తమ భాషలో చదువుకొనుటకు వీలు లేకుండుట నాకు మిక్కిలి బాధాకరముగా తోచుచున్నది.

సిపాయిని మరచుట మన కాలముననే పుట్టిన దోషము కాదు. 1759 ఏప్రిలులో ఒక రాత్రి ఆంగ్లేయుల కర్నల్ ఫోర్డు సేన బందరుకోటను ముట్టడించి ఫ్రెంచివారి నుండి వశపరచుకొన్న వృత్తాంతమును చరిత్రకారులు సవిస్తరముగా వ్రాసిరి. ఆ చీకటిలో చిత్తడి నేలల బడి నడచి, గోడలక్రింద కూలిన దేశీయ సిపాయిలలో ఒక్కని పేరైనను నేను చదివిన గ్రంథములలో కనబడలేదు.

అంతకంటె ఘోరమైనది బస్రా నగరపు ఉదంతము. మొదటి ప్రపంచయుద్ధమున మెసొపొటేమియాలో, అనగా నేటి ఇరాకు దేశమున, మరణించి సమాధికైనను నోచుకొనని నలుబదివేలమందికి పైగా సైనికుల స్మృత్యర్థము 1929లో అచట నొక స్మారకమును ఆవిష్కరించిరి. బ్రిటిషు సైనికుల పేర్లను, భారతీయ దళములలోని అధికారుల పేర్లను రాతిపై చెక్కించిన ఆ ప్రభువులు, భారతీయ సిపాయి వద్దకు వచ్చునప్పటికి పటాలము పేరు వ్రాసి, దానిక్రింద చనిపోయినవారి మొత్తమును అంకెగా వేసి ఊరకుండిరి. జశ్వంత్ మరణమునకు మూడు మాసములకు ముందు, 2021 ఏప్రిలులో, ఇట్టి స్మారకముల బాధ్యత వహించు కామన్వెల్త్ యుద్ధసమాధుల సంఘము తన పూర్వచరిత్రను విచారింపజేసి, ఆ యుద్ధమున మరణించినవారిలో 45,000 మొదలు 54,000 వరకు అసమానముగా స్మరింపబడిరనియు, కనీసము 1,16,000 మంది, బహుశః 3,50,000 మంది వరకు, పేరుతో గాని అసలే గాని స్మరణకు నోచుకొనలేదనియు ఒప్పుకొని క్షమాపణ చెప్పినది. నూరేండ్లు ఆలస్యమైనను ఆ మాట చెప్పుట మేలే.

స్వాతంత్ర్యానంతరము అసువులు బాసిన వీరుల పేర్లను 2019 ఫిబ్రవరిలో ప్రారంభమైన ఢిల్లీ జాతీయ యుద్ధస్మారకమున గ్రానైటు పలకలపై వ్రాయించి మన ప్రభుత్వము తన ధర్మమును నెరవేర్చినది. అయితే ఢిల్లీ దూరము. దివిసీమనుండి ఆ గోడవరకు పోయి తన యూరివాని పేరును తడిమి చూడగలవారెందరు? తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరము, మిలిటరీ మాధవరమని పేరొందిన గ్రామము, యుద్ధములకు పోయిన తనవారికై తన నేలమీదనే స్మారకము నిలుపుకొన్నది. ఆ పని మన గుడివాడ ఏల చేయరాదు?

గుడివాడ, బందరు, అవనిగడ్డ ప్రాంతములనుండి రెండు ప్రపంచయుద్ధములకును, అటుపిమ్మట మన దేశపు యుద్ధములకును పోయి తిరిగిరాని సిపాయిల పట్టికను ముందుగా సిద్ధపరుపవలెను. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయపు దస్త్రములు ఇటీవలివారికి సరిపోవును. పాతవారి విషయమున ఆధారము ఇండ్లలోనే దొరకవలెను. మొదటి యుద్ధమున సైనికులకిచ్చిన వెండిపతకపు అంచున సంఖ్య, హోదా, పేరు, పటాలము చెక్కియుండును. బస్రా గోడపై ఎక్కని పేరు ఏ తాతగారి భోషాణములోనో ఆ అంచుమీద నేటికిని ఉండవచ్చును. అట్టి పతకములనేకము కరవుకాలమున కంసాలి మూసలో కరగిపోయినవి. మిగిలినవానిని, పింఛను కాగితములను, పాత ఉత్తరములను తెచ్చి చూపుడని పంచాయతీలు దండోరా వేయించి, కళాశాలల చరిత్రోపన్యాసకులు విద్యార్థులచే నకళ్లు వ్రాయించి, పట్టణమున జనము నిత్యము మసలు చోట, అధికారి యనియు సిపాయి యనియు అంతరము లేక, ఊరిపేరుతోడను పటాలముతోడను తెలుగులో ఆ పేర్లను చెక్కింపవలెను. శౌర్యపతకములు పొందినవారి ప్రశంసాపత్రములను మాత్రము తెనిగించి వారు చదివిన పాఠశాలల గోడలకే తగిలింపవలెను. కొత్తపాలెముతో ఆ పని మొదలుపెట్టవచ్చును.