నిరంకుశత్వం ముందు తట్టేది రైతు తలుపే

2024 డిసెంబరు 3 రాత్రి పదిన్నర వేళ దక్షిణ కొరియా అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ టెలివిజన్‌లో కనిపించి దేశంలో సైనిక శాసనం విధించానన్నాడు. దేశద్రోహ శక్తుల నుంచి ప్రజాస్వామ్యాన్ని కాపాడటానికట! ఆ వెంటనే సైన్యం ఉత్తర్వు వచ్చింది. పార్లమెంటు కార్యకలాపాలు, పార్టీలు, సభలు, ప్రదర్శనలు నిషేధం. పత్రికలు సైన్యం చెప్పుచేతల్లో. సమ్మెలు బంద్. మీరినవాళ్ళని వారంటు లేకుండా పట్టుకుపోవచ్చు.

ఎక్కడో కొరియా సంగతి మనకెందుకు అనే కూలి సోదరులు ఆ "సమ్మె" అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. నాట్ల వేళ కూలి రేటు పెంచమని పేటంతా ఒక్క మాట మీద నిలబడి చేలోకి దిగకపోతే దాన్నేమంటారు? అదీ సమ్మే గదా! మన దేశంలో 1975 జూన్ నుంచి 1977 మార్చి దాకా సాగిన ఎమర్జెన్సీని చూసినవాళ్ళు ఇంకా మన ఊళ్ళలో ఉన్నారు. నోరు మూయించడమంటే ఏమిటో వాళ్ళనడిగితే చెబుతారు.

కొరియాలో ఆ రాత్రి జనం ఇళ్ళలో కూర్చోలేదు. చలిలో పార్లమెంటు గేట్ల దగ్గరికి పరుగెత్తారు. సైనిక వాహనాలకు అడ్డం నిలబడ్డారు. పోలీసులు గేట్లు మూసేస్తే స్పీకరుతో సహా సభ్యులు గోడలు దూకి లోపలికి పోయారు. సైనికులు కిటికీలు పగలగొట్టి వస్తుంటే సిబ్బంది కుర్చీలూ బల్లలూ అడ్డంపెట్టి ఆపారు. రాత్రి ఒంటిగంటకు 300 మంది సభ్యుల సభలో హాజరైన 190 మందీ ఒక్క ఓటూ తేడా లేకుండా సైనిక శాసనం ఎత్తెయ్యాలన్నారు. తెల్లవారుజామున యూన్ ఎత్తేశాడు.

సభలో సగానికి పైగా సభ్యులు కోరితే సైనిక శాసనం తొలగించి తీరాలని అక్కడి రాజ్యాంగంలో ఉంది. రాజ్యాంగమే కాపాడిందని కొందరు పండితులు రాశారు. నిజమే. కాని గేటు బయట జనం లేకపోతే ఆ 190 మంది లోపలికి చేరేవారా? 1980లో గ్వాంగ్‌జూ నగరంలో సైన్యం జనాన్ని కాల్చిన సంగతి ఆ దేశం మరిచిపోలేదు. ఆ జ్ఞాపకమే జనాన్ని ఆ రాత్రి బయటికి లాగింది.

ఇంతకీ ఇదంతా ఒక్క రాత్రిలో ఊడిపడిందా? కాదు. అక్కడి రైతుకు ఏడాదిన్నర ముందే దీని వాసన తగిలింది. వరి ధర పడిపోయినప్పుడు మిగులు బియ్యాన్ని ప్రభుత్వమే కొనాలని పార్లమెంటు ఒక బిల్లు చేసింది. ఏటా 4 లక్షల టన్నులకు పైగా బియ్యం బయటి నుంచి దిగుమతి అవుతున్న దేశంలో రైతు అడిగిందల్లా అదే. 2023 ఏప్రిల్ 4న యూన్ దాన్ని వీటో చేశాడు. అతని మొదటి వీటో ఈ వరి బిల్లు మీదే! ఆ తర్వాత 2024 నవంబరు నాటికి లెక్క 25కు చేరింది. వీటో రాజ్యాంగం ఇచ్చిన హక్కే, కాదనం. అయితే సభ చేసిన చట్టాలను అదేపనిగా పక్కకు నెట్టడం అలవాటైనవాడికి సభనే మూసేద్దామనే ఆలోచన రావడం ఎంతసేపు?

సైనిక శాసనం పోయాక కూడా యూన్ కుర్చీ దిగలేదు. డిసెంబరు 14న సభ అభిశంసించి అధికారాలు ఆపింది. కొరియా రైతు సంఘం వాళ్ళు డిసెంబరు 16న దక్షిణాది జిల్లాల నుంచి ట్రాక్టర్లతో రాజధాని సియోల్‌కు బయల్దేరారు. ఆ దండుకు జాన్ బాంగ్ జూన్ పేరు పెట్టుకున్నారు. 1894లో నీటి పన్నుల దోపిడీ మీద తిరగబడ్డ రైతుల నాయకుడాయన. పొట్టివాడు గనక జనం పెసరగింజ సేనాని అని పిలుచుకున్నారు, మరుసటేడు ఉరి తీశారు. ట్రాక్టర్లు దారిలో ఉండగానే, డిసెంబరు 19న, తాత్కాలిక అధ్యక్షుడు మళ్ళీ వచ్చిన వరి బిల్లును మళ్ళీ వీటో చేశాడు. మనిషి మారాడు, చెయ్యి మారలేదు.

21న సియోల్ పొలిమేరలో నామ్‌తేర్యాంగ్ కనుమ దగ్గర పోలీసులు బస్సులు అడ్డంపెట్టి ముప్పై దాకా ఉన్న ట్రాక్టర్లను ఆపేశారు. ఏడాదిలోకెల్లా పొడుగైన రాత్రి అది, గడ్డకట్టే చలి. 2016లో ఇదే పేరుతో వచ్చిన ట్రాక్టర్లను పోలీసులు దారిలోనే ఆపారు, ఈసారీ అంతే అనుకున్నారు. కాని కబురు పాకింది. నగరం నుంచి మనుషులు రావడం మొదలైంది. వాళ్ళలో ఎక్కువమంది ఇరవై, ముప్పై ఏళ్ళ ఆడపిల్లలు. పాట కచేరీలకు పట్టుకెళ్ళే రంగు వెలుగుల కర్రలు పట్టుకుని ట్రాక్టర్ల పక్కన రోడ్డు మీద కూర్చున్నారు. రాలేనివాళ్ళు డబ్బు కట్టి వేడి జావ, అన్నం పొట్లాలు పంపారు. ఒక్కొక్కరే మైకు పట్టుకుని తమ బతుకు చెప్పుకున్నారు, తెల్లవార్లూ. 28 గంటలు గడిచాక 22 సాయంత్రం పోలీసులు బస్సులు తీశారు. సుమారు పది ట్రాక్టర్లు అధ్యక్షుడి నివాసం దాకా పోయాయి.

ఆ పిల్లల్లో ఎంతమంది వరి చేను చూసి ఉంటారు! వరి బిల్లు వాళ్ళ సమస్య కాదు. కాని రైతుని ఆపిన బస్సే రేపు తమనూ ఆపుతుందని వాళ్ళకు తెలిసింది. మా దృష్టిలో ఈ మొత్తం కథకు ఆయువుపట్టు ఇక్కడ ఉంది. మన దగ్గర 2020 నవంబరు నుంచి సింఘు, టిక్రీ, ఘాజీపూర్ సరిహద్దుల్లో రైతులు ఏడాదికి పైగా కూర్చున్నారు. రోడ్డు మీద మేకులు దిగ్గొట్టినా కదల్లేదు. ఆఖరికి 2021 నవంబరులో మూడు చట్టాలూ రద్దయ్యాయి. అక్కడా వంట చేసి పెట్టినవాళ్ళూ, మందులు తెచ్చినవాళ్ళూ అందరూ రైతులు కారు. మరి మన ఊళ్ళో భూమి లేని కూలి మీద కేసు పెడితే ఐదెకరాల ఆసామి పోలీస్ స్టేషన్ దాకా వస్తున్నాడా? ఆసామి ధాన్యం కల్లంలో తడుస్తుంటే కూలి సంఘం అడుగుతోందా? "మనకెందుకొచ్చిన గొడవ" అనే మాట ఎవరికి లాభమో లెక్క వేసుకోవాలి.

2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానంలోని ఎనిమిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా యూన్‌ను తొలగించారు. వరి బిల్లును వీటో చేసి ఆ రోజుకు సరిగ్గా రెండేళ్ళు. జూన్ 3 ఎన్నికల్లో ప్రతిపక్ష నాయకుడు లీ జే మ్యాంగ్ గెలిచాడు. గెలిచి, పాత ప్రభుత్వంలో ఈ రైతు బిల్లులను వ్యతిరేకించిన వ్యవసాయ మంత్రినే కొత్త మంత్రివర్గంలోనూ ఉంచాడు! రైతు సంఘం ఊరుకోలేదు, తాము గెలిపించిన ప్రభుత్వం మీదే నిరసనకు దిగింది. ఆగస్టులో వరి చట్టం పార్లమెంటులో నెగ్గింది. అడిగినదాంట్లో కొంత కోసేసి ఇచ్చారని రైతులు ఇంకా పేచీ పెడుతూనే ఉన్నారు.