పంటకు కొట్టం, మరి పందిరి గుంజకు ఎందుకు పూస్తున్నాం?

తీగ కూరగాయల పందిరి గుంజలు నేల దగ్గర ఎట్టా పుచ్చిపోతాయో పైన వీడియోలో చూపించాను. అందులో చెప్పడానికి కుదరని మాట ఒకటి ఇక్కడ రాస్తున్నా. కాస్త ఓపిగ్గా చదవండి.

మన ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో కాకర, బీర, దొండ పందిళ్లు వేసేటప్పుడు జామాయిల్, సుబాబుల్ గుంజలో, సర్వి బాదులో, వెదురో తెచ్చి నాటుతున్నాం. ఇవన్నీ లేత కర్రలు, చేవ తేలనివి. చెదలు పట్టేస్తాయి. చెదలు వదిలినా నేల మట్టానికి బెత్తెడు పైనా కిందా పుచ్చు పడుతుంది. దానికి మనం చేసే వైద్యం ఏంది? మెకానిక్ షాపు నుంచి కాలిన ఇంజనాయిల్ తెచ్చి పూయడం, లేకుంటే తారు పట్టించడం. మొక్కకు యూరియా వేయం, పురుగుమందు కొట్టం, నీమాస్త్రం, ద్రవజీవామృతం అంటాం. అదే మొక్క వేరు పక్కన కాలిన ఆయిల్ పూసిన గుంజ పాతుతాం. కాలిన ఆయిల్‌లో ఇంజన్ అరుగుదల లోహాలు, క్యాన్సర్ తెచ్చే హైడ్రోకార్బన్లు ఉంటాయి. వానకు అవి పోయేది ఎక్కడికి? మనం వానపాములను పిలుస్తున్న ఆ మట్టిలోకే కదా.

కర్ర ఎందుకు పుచ్చుతుందో తెలిస్తే మందు సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. కలప అంటే సన్నని గొట్టాల కట్ట. ఆ గొట్టాల గోడల నిండా హైడ్రాక్సిల్ గుంపులని చిన్న చిన్న కొక్కేలు ఉంటాయి. గాలిలో తేమ, నేలలో తేమ వచ్చి ఆ కొక్కేలకు తగులుకుంటుంది. అప్పుడు కర్ర ఉబ్బుతుంది, ఎండకు మళ్లీ కుంచించుకుంటుంది, పగులుతుంది. కర్రలో తేమ 20 శాతం లోపు ఉంటే పుచ్చు పట్టించే శిలీంధ్రం నిలవలేదు. నేల మట్టం దగ్గర గాలీ తేమా రెండూ దొరుకుతాయి కాబట్టే గుంజ అక్కడే విరుగుతుంది. ముదురు చెట్టు నడిమి చేవలో చెట్టు తనకు తానే దాచుకున్న పదార్థాలు ఉంటాయి. అందుకే ఎర్రచందనం, టేకు చేవ అన్నేళ్లు ఉంటాయి. లేత కర్రకు ఆ భాగ్యం లేదు.

లేత కర్రను కాపాడే దారులు రెండు. ఒకటి, పురుగు తినే తిండికి విషం కలపడం. రెండోది, అది తినలేని విధంగా తిండినే మార్చడం.

మొదటి దారిలో ప్రపంచమంతా వాడిన మందు కనిపెట్టింది శొంఠి కామేశం. పేరు వింటేనే మనవాడని తెలుస్తుంది. డెహ్రాడూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తూ 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన ద్రావణం తయారుచేశాడు. ఆస్కు అనీ, సీసీఏ అనీ పిలుస్తారు. కరెంటు స్తంభాలు, రైలు స్లీపర్ల లాంటి వాటికి అది గొప్ప మేలు చేసింది. ఒక్క స్తంభం పదిసార్లు మార్చకుండా ఉంటే అన్ని చెట్లు మిగిలినట్టే. ఆ మనిషి తెలివిని తక్కువ చేయబోను. కానీ ఆర్సెనిక్ ఆర్సెనికే. క్రోమియం దాన్ని కర్రలో పట్టి ఉంచినా కొంత మట్టిలోకి కారుతూనే ఉంటుంది. అమెరికాలో 2003 చివరికి ఇళ్ల వాడకానికి సీసీఏ కలప తయారీ ఆపేశారు. అక్కడి ఆర్గానిక్ నిబంధనల ప్రకారం, మట్టికి గానీ పశువులకు గానీ తగిలేచోట ఆర్సెనిక్ పట్టించిన కలపను కొత్తగా వాడకూడదు.

మనకు ఇంకో చిక్కుంది. పాత గుంజను పొయ్యిలో పెడతాం. ఆ బూడిద తెచ్చి వంకాయ మొక్కల మీద చల్లుతాం. సీసీఏ కర్ర కాల్చిన బూడిదలో ఆర్సెనిక్ అట్టాగే ఉంటుంది, పొగలోనూ వస్తుంది. కాబట్టి రెడీమేడ్ ట్రీటెడ్ పోల్స్ కొనేవాళ్లు ‘ఇందులో ఏం పట్టించారు?’ అని షాపులో అడగండి. జవాబు చెప్పకపోతే కొనొద్దు. ఎక్కడివో తెలియని పాత స్తంభాలను పొయ్యిలో పెట్టొద్దు.

రెండో దారి ఎసిటైలేషన్. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లానికి దగ్గరి చుట్టం ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్. దాన్ని వేడిలో, ఒత్తిడిలో కలప లోపలికి పంపిస్తే ఆ కొక్కేలకు ఎసిటైల్ గుంపులు తగులుకుంటాయి. కొక్కెం నిండాక నీటికి చోటు లేదు. కర్రకు దాహం పోతుంది, ఉబ్బదు, శిలీంధ్రానికి తేమ దొరకదు. ఎసిటైల్ గుంపులు మామూలు కలపలో కూడా కొంత ఉండేవే, ఇక్కడ వాటిని పెంచుతారు. ఇందులో విషం పట్టించడమనేది లేదు. నెదర్లాండ్స్‌లోని ఆర్నెమ్‌లో 2007 నుంచి అకోయా పేరుతో ఇట్టాంటి కలప తయారవుతోంది. తొందరగా పెరిగే మెత్తటి పైన్ కలపకే నేలపైన 50 ఏళ్లు, నేలలో 25 ఏళ్లు అని కంపెనీ గ్యారంటీ ఇస్తోంది. ఆ దేశంలోనే స్నీక్ అనే ఊరి దగ్గర హైవే మీద 60 టన్నుల బరువు మోసే వంతెన ఈ కలపతో కట్టారు. నార్వేలో కెబోనీ అనే కంపెనీ చెరుకుపిప్పి లాంటి పంట వ్యర్థాల నుంచి తీసిన ఫర్ఫురైల్ ఆల్కహాల్‌తో ఇదే తరహా పని చేస్తోంది.

ఇప్పుడు నా అభిప్రాయం చెప్తా. ‘కెమికల్’ అనే మాట వినగానే మనం ముఖం తిప్పుకుంటున్నాం. ఆర్సెనిక్ నేలలో దొరికే సహజ పదార్థమే, అయినా విషం. ఎసిటైల్ కలప ఫ్యాక్టరీలో తయారైందే, అయినా దాన్నుంచి మట్టిలోకి విషం కారదు. సహజమా, కెమికలా అని కాదు, ‘వానకు ఇందులోంచి ఏం కారుతుంది? కాలిస్తే బూడిదలో ఏం మిగులుతుంది?’ అని అడగాలి. ప్రకృతి వ్యవసాయం చేసే మనకు అసలు కొలబద్ద అదే.

అట్టాగని రేపే ఇంట్లో డ్రమ్ము పెట్టి మొదలుపెట్టకండి. ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ ఘాటుకు కళ్లు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. పైగా హెరాయిన్ తయారీలో వాడతారు కాబట్టి మన దేశంలో అది మాదకద్రవ్యాల చట్టం కింద నియంత్రణలో ఉంది. అది రైతు చేసే పని కాదు. బయటినుంచి తెప్పించిన ఆ కలపతో కాకర పందిరి వేస్తే ఆ ధరకు గిట్టదు కూడా.

మరి ఈ సీజన్‌కు ఏం చేయాలి? కింద మూడడుగుల రాతి కూసం పాతి, దానికి పైన గుంజను తీగతో కట్టండి. కర్ర నేలను తాకకపోతే సగం బాధ పోయినట్టే. గట్టు మీద గ్లిరిసిడియా, గుంపెన, మునగ కొమ్మలు నాటి బతికిన గుంజలు తయారు చేసుకోండి. బతికిన కర్ర మామూలుగా పుచ్చదు, ఆకు మల్చింగ్‌కు వస్తుంది. వెదురును చెరువు నీళ్లలో నానబెట్టే పాత పద్ధతి మంచిదే, లోపలి పిండి, చక్కెర నీళ్లలోకి పోయి పురుగు తగ్గుతుంది. బోరాక్స్, బోరిక్ పట్టించిన వెదురు పైకప్పు కింద పనికొస్తుంది గానీ చేలో వద్దు, వానకు అంతా కారిపోతుంది. గుంజ అడుగు కాల్చి నాటితే కొంత కలిసొస్తుంది, దాన్నే నమ్ముకోవద్దు.

ఈ సైన్సు మన ప్రాంతానికి నిజంగా పనికొచ్చే చోటు ఇంకొకటి ఉంది, ఉదయగిరి చెక్క గరిటెలు. దిలావర్ భాయి వీధిలో మన అక్కలు, చెల్లెళ్లు చెక్కే చెంచాలకు, గరిటెలకు జీఐ గుర్తింపు వచ్చింది. గుర్తింపు పేరును కాపాడుతుంది గానీ, చెక్క పగలకుండా వంకర పోకుండా కాపాడదు. నర్ది, బిక్కి, దేవదారి లాంటి కర్రకు ఇప్పటికీ కొండ అడవే ఆధారం. మన గట్ల మీద పెరిగే కర్రను నిలకడగా తయారుచేయగలిగితే అడవి మీద భారం తగ్గుతుంది, రైతుకు ఇంకో ఆదాయం వస్తుంది.

దానికి మందు కూడా అక్కర్లేదు, వేడి చాలు. ఫిన్లాండ్‌లో 1990ల నుంచి థర్మోవుడ్ పేరుతో 185 నుంచి 215 డిగ్రీల దాకా ఆవిరిలో కలపను వేడి చేస్తున్నారు. తేమ పట్టే హెమీసెల్యులోజ్ విరిగి కర్ర నిలకడ అవుతుంది. కాకపోతే కర్ర కొంత పెళుసవుతుంది, నేలలో పాతడానికి పనికిరాదు. కాబట్టి గుంజకు కాదు, తేనెటీగల పెట్టెకు, వంటింటి సామానుకు పరీక్షించి చూడదగ్గది. సన్నటి చెంచా కాడకు ఎంత వేడి సరిపోతుందో ప్రయోగం చేసే తేల్చాలి. బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీలో తోట కలప మీద ఎసిటైలేషన్, హీట్ ట్రీట్‌మెంట్ రెండింటి మీదా పని జరిగింది. మన ఊరి కర్రను అక్కడిదాకా పంపేవాళ్లే కావాలి.

నేను అడిగేది రెండు. రైతు సాధికార సంస్థ మనకు ఇచ్చే శిక్షణలో విత్తనం, కషాయాలతో పాటు గుంజ గురించి కూడా ఒక పాఠం పెట్టాలి, కాలిన ఆయిల్ వద్దని రాతపూర్వకంగా చెప్పాలి. ఉదయగిరిలో చెక్క పనివాళ్లకు అందరూ వాడుకునేలా కలప ఆరబెట్టే, వేడి చేసే యూనిట్ ఒకటి రావాలి. మీ మండలం గ్రామసభలో, రైతు సంఘం మీటింగులో ఈ మాట ఎత్తండి. ఈలోపు షెడ్డు మూలన ఉన్న ఆ కాలిన ఆయిల్ డబ్బాను మాత్రం చేలోకి తీసుకుపోకండి.