మాస్టారి చేతిలో చిన్న అక్షరాలు



మాకు పలక మీద అక్షరాలు దిద్దించిన మాస్టారు ఇప్పుడు మా సంఘములోనే ఒక పెద్ద. ఉద్యోగ విరమణ చేసి చాలా యేండ్లయింది. మా ఊరిలో ఎవరికి ఉత్తరము వచ్చినా, పట్టా కాగితము వచ్చినా, ఆస్పత్రి చీటీ వచ్చినా ఆయన అరుగు మీదికే తీసుకొని వెళ్ళేవారు. ఆయన చదివి చెప్పిందే మాట.

ఆ మధ్య వారి కుమారుడు ఒక స్మార్ట్ ఫోను కొని పంపాడు. గృహ దర్శనానికి వెళ్ళినప్పుడల్లా మేము చూచేవాళ్ళము. మాస్టారు ఫోనును చేతి పొడుగునా దూరముగా పట్టుకొని, తల వెనుకకు వంచి, కళ్ళు చికిలించి కొంతసేపు చూచేవారు. తరువాత ప్రక్కన పెట్టి, "ఏముంటుందిలే నాయనా ఇందులో" అని నవ్వేవారు.

గత వేసవిలో ఆయన మనుమరాలిని ఒక గురుకుల జూనియర్ కళాశాలలో చేర్పించాలనుకున్నారు. ప్రకటన ఒక వెబ్ పేజీలో ఉంది. దరఖాస్తుకు చివరి తేదీ 23. మాస్టారు దానిని 28 అని చదివారు. ఎవరినీ అడుగలేదు. ఊరందరికీ చదివి చెప్పిన మనిషికి, "ఇది ఎంత రా?" అని ఒక పిల్లవాడిని అడగడము చిన్నతనముగా తోచింది. 25వ తేదీన పిల్లను వెంటబెట్టుకొని మండల కేంద్రానికి వెళితే, గడువు దాటిపోయిందన్నారు. ఆ పిల్ల దారి పొడుగునా ఏడ్చింది గాని తాతను ఒక్క మాట అనలేదు. ఈ యేడు ప్రక్క ఊరి కళాశాలకు బస్సులో పోయి వస్తున్నది.

సంగతి తెలిసి మేము వెళ్ళినప్పుడు ఆయన, "ముప్పై రెండేళ్ళు అక్షరాలు నేర్పాను నాయనా. మూడుకీ ఎనిమిదికీ తేడా తెలియలేదు" అన్నారు.

ఇక్కడ మా తప్పు ఒప్పుకొనక తప్పదు. మాకూ నలుబది దాటగానే చత్వారము వచ్చింది. ఒక ప్రార్థన కూటములో ఫోను తెరచి, అక్షరాలు కనబడక తడబడితే, మా యౌవనస్థులలో ఒకడు ప్రక్కకు పిలిచి వాటిని పెద్దవి చేసుకొనే విధము చూపించాడు. అది మాకు తెలిసియుండి కూడా మాస్టారికి చెప్పలేదు. గురువుకు మనము నేర్పడమా అని ఊరకున్నాము. మేము మర్యాద అనుకొన్నది ఆ బిడ్డ చదువుకు అడ్డమయింది.

అందుచేత ఈ నెల ఈ పేజీని ఆ చిన్న పనికే కేటాయిస్తున్నాము.

ముందుగా ఒక మాట. నలుబది దాటిన తరువాత కంటిలోని కటకము మెత్తదనము తగ్గి, దగ్గరి వాటి మీద చూపు నిలువదు. ఇది చదువుకున్నవారికీ చదువుకోనివారికీ అందరికీ వచ్చేదే. ఇందులో సిగ్గుపడవలసింది లేదు. పైగా మన తెలుగు అక్షరానికి చిన్న సైజు అసలే పనికిరాదు. 'ప'కూ 'వ'కూ తేడా తలకట్టు దగ్గర ఒక చిన్న సందు. 'ర'కూ 'ఠ'కూ తేడా నడుమ ఒక చుక్క. 'రాష్ట్రము' అని వ్రాస్తే ఒకే అక్షరము క్రింద రెండు వత్తులు ఇరుకుకోవలెను. ఇంగ్లీషు చదువగలిగిన సైజులోనే తెలుగు చదువలేకపోవడానికి కారణమిదే.

అచ్చు పుస్తకములో అక్షరము ఎంత ఉంటే అంతే. మనము అద్దాలు మార్చుకోవలసిందే. తెర మీది అక్షరము అట్లు కాదు. చదివేవాడు చెప్పినంత పెరుగుతుంది. దానికి మార్గాలు ఇవి.

మొదటిది, రెండు వ్రేళ్ళ పద్ధతి. బొటనవ్రేలు, చూపుడువ్రేలు దగ్గరగా తెరపై ఆనించి, మెల్లగా ఎడముగా జరిపితే పేజీ పెద్దదవుతుంది. తేదీ, సొమ్ము, ఖాతా నంబరు వంటివి సరిచూచుకొనడానికి ఇది చాలు. అయితే ఇది భూతద్దము వంటిది. పంక్తి తెర దాటిపోతే, ప్రతి పంక్తికీ కుడి ఎడమలకు జరుపుకొంటూ ఉండవలెను. పెద్ద వ్యాసము చదవాలంటే విసుగు పుడుతుంది.

రెండవది, ఒకసారి చేసి పెట్టుకొంటే నిలిచియుండేది. ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్ తెరచి, డిస్‌ప్లే అనే చోట ఫాంట్ సైజు పెంచండి. కొన్ని ఫోనులలో ఇది యాక్సెసిబిలిటీ అనే చోట ఉంటుంది. వెబ్ పేజీల కొరకు క్రోమ్ తెరచి, మూలనున్న మూడు చుక్కలు తాకి, సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ లోపలికి వెళ్ళండి. అక్కడ జరుపుకొనే గీత ఒకటి ఉంటుంది. దానిని కుడికి జరిపితే, అచ్చుకూటములో పెద్ద అక్షరాలతో మరల కూర్చినట్లు, పంక్తులు తెర వెడల్పుకు సరిపడునట్లు సర్దుకుంటాయి. కొన్ని పేజీలు రెండు వ్రేళ్ళకు లొంగవు. వాటిని కూడా పెద్దవి చేయుటకు అక్కడే ఒక గడి ఉంది. దానిని టిక్కు పెట్టుకోండి. ఐఫోను వారు సఫారీలో చిరునామా గడి ప్రక్కనున్న గుర్తును తాకితే వచ్చే పట్టికలో శాతము లెక్కన పెంచుకోవచ్చు.

మూడవది, రీడర్ పద్ధతి. ఫైర్‌ఫాక్స్, సఫారీ వంటి వాటిలో వ్యాసాలకు ఇది వస్తుంది. ప్రకటనలు, ఇతర హంగులు తొలగి, చదువవలసిన వ్యాసము మాత్రమే పెద్ద అక్షరాలలో మిగులుతుంది.

కంప్యూటరు మీదనైతే కంట్రోల్ మీటను నొక్కిపట్టి ప్లస్ గుర్తు నొక్కితే పెరుగుతుంది. సున్న నొక్కితే మొదటి సైజుకు వస్తుంది. ప్రభుత్వ వెబ్‌సైట్లు అనేకమువాటికి పైభాగాన ఇంగ్లీషు 'ఎ' అక్షరము మూడు సైజులలో కనబడుతుంది. అది అలంకారము కాదు, మన కొరకు పెట్టిన మీట. తాకి చూడండి.

సంఘము పక్షాన వెబ్ పేజీలు, ప్రకటనలు తయారుచేసే యౌవనస్థులకు ఒక మనవి. డబ్ల్యు3సి అనే అంతర్జాతీయ సంస్థ 2008లో వెలువరించిన ప్రమాణాల ప్రకారము, అక్షరాలను 200 శాతానికి పెంచినా పేజీలోని ఏ మాటా తెగిపోరాదు. అక్షరానికీ దాని వెనుక రంగుకూ వెలుగులో తేడా కనీసము 4.5కు 1 వంతున ఉండవలెను. తెల్లని పేజీ మీద లేత బూడిద రంగు అక్షరాలు మీ కంటికి అందముగా ఉండవచ్చు. మీ నాయనమ్మకు అవి లేనట్లే. కూటముల తేదీలను రంగుల పోస్టరు బొమ్మలో మాత్రమే పెట్టవద్దు. బొమ్మలోని అక్షరము సెట్టింగుల మాట వినదు. అదే సమాచారము క్రింద మామూలు అక్షరాలలో కూడా వ్రాయండి. వత్తులు ఒకదానికొకటి తగులకుండ పంక్తుల మధ్య ఎడము ఎక్కువ ఇవ్వండి.

అయితే అక్షరాలు పెంచుకొంటూ పోయి కంటి జబ్బును దాచుకోకూడదు. మాస్టారిని పరీక్షకు తీసుకొనిపోతే, అద్దాలు పాతబడినవని, ఎడమ కంటిలో శుక్లము మొదలైందని తేలింది. చక్కెర వ్యాధి ఉన్నవారు చూపు బాగున్నా ఏటా ఒకసారి కళ్ళు చూపించుకోవలెను. తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కంటి వెలుగు పేరిట ప్రభుత్వాలు ఊరూరా, బడిబడికీ పరీక్షలు జరిపినప్పుడు, తమకు చూపు తగ్గిందని అక్కడే మొదటిసారి తెలుసుకొన్నవారు మన సంఘాలలోనూ ఉన్నారు.

కొత్త అద్దాలు వచ్చిన రోజున మాస్టారి అరుగు మీద ప్రక్కన కూర్చొని ఫోను సరిచేశాము. పట్టుమని పది నిమిషాలు పట్టలేదు. ఎంత పెద్దగా కావాలో ఆయనే గీత జరిపి చూచుకొన్నారు. "చాలు నాయనా, ఇంతకంటె పెద్దవైతే పలక మీద వ్రాసినట్లుంటాయి" అన్నారు. తరువాత ఆయన తెరచింది వార్తలు కాదు. ఆ కళాశాల ప్రకటన ఉన్న పేజీనే. తేదీ దగ్గర ఆగి, "ఇరవై మూడు" అని పైకి చదివి, చాలసేపు ఊరకున్నారు. లోపల నుండి మనుమరాలు వచ్చి ఆయన ప్రక్కన కూర్చుంది.

ప్రియులారా, మీ ఇంట ఫోనును దూరముగా పట్టుకొని, "ఏముంటుందిలే" అనే పెద్దలు ఎవరో ఉన్నారు. వారు అడుగరు. వారికి చదివి పెట్టడముతో సరిపెట్టవద్దు. తామే చదువుకొనునట్లు చేసి పెట్టండి. వచ్చే ఆదివారము దాకా కూడా ఆగవద్దు. మేము ఆగి చూచాము.

ప్రభువు కృప మీ గృహములకు తోడైయుండును గాక.